Spark Plugs కాదు.. ముందు హీట్ రేంజ్ చూడండి: పర్ఫార్మెన్స్ కారుకు స్పార్క్ ప్లగ్ ఎంచుకోవడం ఎలా?

కారు కొన్న కొన్నాళ్లకే చాలామంది కుర్రాళ్ల చూపు పవర్ మీద పడుతుంది. ముందు ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు. తర్వాత ఎగ్జాస్ట్. ఆపై ఈసీయూ రీమ్యాప్. ఎలాగూ ఇంత ఖర్చు పెట్టాం కదా అని చివర్లో ఖరీదైన ఇరీడియం స్పార్క్ ప్లగ్స్ కూడా వేయిస్తారు. బాక్స్ మీద ‘రేసింగ్’ అని రాసుంటే ఇంకేం ఆలోచించరు.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. స్పార్క్ ప్లగ్ దానంతట అది పవర్ పెంచే వస్తువు కాదు. ఉన్న పవర్‌ని ఇంజిన్ భద్రంగా వాడుకునేలా చూసే వస్తువు. ఎంపిక సరిగ్గా ఉంటే డ్రైవర్‌కి ఏ తేడా తెలియదు. తప్పితే మాత్రం బండి మిస్సింగ్ కొట్టడం దగ్గర్నుంచి పిస్టన్ కరిగిపోవడం దాకా ఏదైనా జరగొచ్చు. ప్లగ్స్ సెట్ ఖర్చు వేలల్లో ఉంటే, ఇంజిన్ విప్పితే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. అందుకే ప్లగ్ కొనేముందు ఏం చూడాలి, ఏ క్రమంలో చూడాలి అనేది తెలుసుకుందాం.

ప్లగ్‌కి ఉన్న రెండు పనులు

మొదటి పని అందరికీ తెలిసిందే. ఇంజిన్‌లోకి వచ్చిన గాలి, పెట్రోల్ మిశ్రమానికి నిప్పు అంటించడం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒకసారి ప్లగ్ వెలుగుతుంది. అంటే ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే ఒక్కో ప్లగ్ నిమిషానికి 3000 సార్లు, సెకనుకు 50 సార్లు స్పార్క్ ఇవ్వాలి. ఒక్కటి తప్పినా బండి కుదుపు ఇస్తుంది.

రెండో పని గురించి చాలామంది పట్టించుకోరు. ప్లగ్ కొన ఎప్పుడూ మంటలోనే ఉంటుంది. ఆ వేడిని పింగాణీ, లోపలి రాగి కోర్, బయటి ఇనుప బాడీ, దాని మరల మీదుగా సిలిండర్ హెడ్‌లోకి పంపించాలి. అక్కడి నుంచి కూలెంట్ తీసుకెళ్తుంది. ఈ వేడిని ఎంత వేగంగా బయటికి పంపుతుందనే దాన్నే ‘హీట్ రేంజ్’ అంటారు. పర్ఫార్మెన్స్ కారుకు ప్లగ్ ఎంచుకోవడంలో మొదట చూడాల్సింది ఇదే. మెటల్, బ్రాండ్, రేటు అన్నీ దీని తర్వాతే.

కోల్డ్ ప్లగ్, హాట్ ప్లగ్.. తేడా ఏంటి?

ప్లగ్ కొన సుమారు 500 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే దానికి ఆరోగ్యం. అంతకంటే బాగా తక్కువైతే కొన మీద పడిన మసి కాలిపోదు. మసి పేరుకుంటే కరెంట్ గ్యాప్‌లో దూకకుండా ఆ మసి మీదుగా జారిపోతుంది. బండి స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తుంది, మిస్సింగ్ కొడుతుంది.

అంతకంటే ఎక్కువైతే అసలు ప్రమాదం. ఎర్రగా కాలిన కొన నిప్పు కణికలా మారి, స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. దీన్నే ప్రీ ఇగ్నిషన్ అంటారు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పైనుంచి మంట దాన్ని కిందికి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి, వేడికి అల్యూమినియం పిస్టన్‌కి కొద్ది క్షణాల్లోనే చిల్లు పడొచ్చు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నాకింగ్ వేరు, ప్రీ ఇగ్నిషన్ వేరు. నాకింగ్ అనేది స్పార్క్ వచ్చిన తర్వాత మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలడం. నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టి టైమింగ్ వెనక్కి జరుపుతుంది. ప్రీ ఇగ్నిషన్‌కి స్పార్క్‌తో పనే లేదు. కాబట్టి ఈసీయూ టైమింగ్ ఎంత వెనక్కి జరిపినా అది ఆగదు. ‘సెన్సర్ ఉంది కదా, అదే చూసుకుంటుంది’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

హాట్ ప్లగ్‌లో మంటకు ఎదురుగా ఉండే పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటుంది. వేడి బయటికి పోవడానికి ఎక్కువ దూరం ప్రయాణించాలి, కాబట్టి కొన వేడిగా ఉంటుంది. కోల్డ్ ప్లగ్‌లో ముక్కు పొట్టిగా ఉంటుంది, వేడి త్వరగా జారుకుంటుంది. కోల్డ్ ప్లగ్ వేస్తే ఇంజిన్ చల్లబడుతుందనేది అపోహ. చల్లగా ఉండేది ప్లగ్ కొన మాత్రమే.

నంబర్ల దగ్గరే తికమక

హీట్ రేంజ్‌ని ప్లగ్ మీద ఒక నంబర్‌తో సూచిస్తారు. కానీ అన్ని కంపెనీల లెక్క ఒకటి కాదు. జపాన్ బ్రాండ్లు ఎన్‌జీకే, డెన్సోలో నంబర్ పెరిగేకొద్దీ ప్లగ్ కోల్డ్. జర్మనీకి చెందిన బాష్, అలాగే చాంపియన్ బ్రాండ్లలో సరిగ్గా ఉల్టా. నంబర్ పెరిగేకొద్దీ ప్లగ్ హాట్.

ఎన్‌జీకే, డెన్సో మధ్య కూడా నంబర్లు ఒకేలా ఉండవు. ఎన్‌జీకేలో 6 అంటే డెన్సోలో 20కి దగ్గర. 7 అంటే 22, 8 అంటే 24. ‘పాత ప్లగ్ మీద 7 ఉంది, ఇంకో కంపెనీది కూడా 7 ఇవ్వన్నా’ అని కౌంటర్ దగ్గర అడిగితే పూర్తిగా వేరే ప్లగ్ చేతికొచ్చే అవకాశం ఉంది. బ్రాండ్ మారుస్తుంటే కంపెనీ ఇచ్చే క్రాస్ రిఫరెన్స్ చార్ట్ చూసుకోవడం తప్పనిసరి.

కోడ్ చదవడం ఇలా

ట్యూనింగ్ ప్రపంచంలో బాగా తెలిసిన ఎన్‌జీకే ప్లగ్ ‘బీకేఆర్7ఈ’ని ఉదాహరణగా తీసుకుందాం.

* బీ, కే: మర వ్యాసం 14 మిల్లీమీటర్లు, ప్లగ్ పానా సైజు 16 మిల్లీమీటర్లు
* ఆర్: లోపల రెసిస్టర్ ఉంది
* 7: హీట్ రేంజ్
* ఈ: మర పొడవు, అంటే రీచ్ 19 మిల్లీమీటర్లు

చివర్లో ‘ఐఎక్స్’ ఉంటే ఇరీడియం రకం. ‘-11’ అని ఉంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. ఈ నాలుగైదు అక్షరాలు చదవడం వస్తే షాపులో ఎవరూ వేరే ప్లగ్ అంటగట్టలేరు.

మరి ఎవరికి కోల్డ్ ప్లగ్ కావాలి?

ట్యూనర్ల దగ్గర వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. ఇంజిన్ పవర్ ఫ్యాక్టరీ కంటే 75 నుంచి 100 హార్స్‌పవర్ దాకా పెరిగితే ఒక స్టెప్ కోల్డ్‌కి వెళ్లాలి. ఒక్కో స్టెప్ మారితే ప్లగ్ కొన వేడిలో సుమారు 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుంది. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే. తుది మాట ఆ ఇంజిన్‌ని ట్యూన్ చేసిన వ్యక్తిదే.

మార్పులేమీ చేయని కారు: కంపెనీ చెప్పిన ప్లగ్‌నే వేయాలి. అది ఫ్యాక్టరీ నుంచే పర్ఫార్మెన్స్ కారు అయినా సరే. ఆ హీట్ రేంజ్‌ని ఇంజినీర్లు ఆ ఇంజిన్ మీదే పరీక్షించి ఖాయం చేస్తారు. దాన్ని మార్చడం వల్ల లాభం లేదు.

రీమ్యాప్ మాత్రమే చేయించిన టర్బో పెట్రోల్ కారు: మన దగ్గర ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా లాంటి కార్లలో వచ్చే 1.5 టీఎస్ఐ ఇంజిన్ ఫ్యాక్టరీలో 150 పీఎస్ ఇస్తుంది. టర్బో మార్చకుండా సాఫ్ట్‌వేర్‌తో పెంచే పవర్ సాధారణంగా పైన చెప్పిన 75 లెక్కకు చేరదు. ఇలాంటి చోట చాలాసార్లు ఫ్యాక్టరీ హీట్ రేంజే ఉంచి, గ్యాప్ కొద్దిగా తగ్గిస్తే సరిపోతుంది. కొందరు ట్యూనర్లు తమ మ్యాప్‌కి ఒక స్టెప్ కోల్డ్ తప్పనిసరి అంటారు. అప్పుడు వాళ్లు చెప్పిందే వేయాలి. ఎందుకంటే బూస్ట్ ఎంత పెంచారో, టైమింగ్ ఎంత ముందుకు జరిపారో తెలిసింది వాళ్లకే.

పెద్ద టర్బో, నైట్రస్, ట్రాక్ వాడకం: ఇక్కడ ఒకటి, ఒక్కోసారి రెండు స్టెప్పుల కోల్డ్ అవసరం పడుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లోనో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో వరుసగా ల్యాప్స్ కొట్టే కారులో ప్లగ్‌కి చల్లబడే టైమే దొరకదు.

రోజూ ఆఫీసుకు తిరిగే కారు: అమీర్‌పేట, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంటసేపు ఐడిల్‌లో ఉండే బండికి రెండు స్టెప్పుల కోల్డ్ ప్లగ్ వేస్తే కొన వేడెక్కదు. మసి పడుతుంది. వారాంతంలో ఓఆర్ఆర్ మీద గట్టిగా తోలితే బాగుంటుంది, సోమవారం పొద్దున స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది. ‘ఎంత కోల్డ్ అయితే అంత సేఫ్’ అనే మాట సగమే నిజం. ఇంజిన్ కరిగే ప్రమాదం ఉండదు కానీ బండి రోజువారీ వాడకానికి పనికిరాకుండా పోతుంది.

కాపర్, ప్లాటినం, ఇరీడియం.. ఏది మేలు?

షాపులో ‘కాపర్ ప్లగ్’ అని ఇచ్చేదాంట్లో మంట తగిలే కొన రాగి కాదు, నికెల్ మిశ్రమ లోహం. రాగి లోపలి కోర్‌లో ఉంటుంది. ఆ మాటకొస్తే ఇరీడియం ప్లగ్ లోపల కూడా రాగి కోరే ఉంటుంది. తేడా అంతా కొన దగ్గరే.

నికెల్ సుమారు 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ప్లాటినం 1768, ఇరీడియం 2446 డిగ్రీలు తట్టుకుంటాయి. అందుకే ఇరీడియం కొనను చాలా సన్నగా చేయొచ్చు. మామూలు నికెల్ ప్లగ్‌లో మధ్య ఎలక్ట్రోడ్ 2.5 మిల్లీమీటర్లు ఉంటే, ఎన్‌జీకే ఇరీడియం ఐఎక్స్‌లో 0.6, డెన్సో ఇరీడియం పవర్‌లో 0.4 మిల్లీమీటర్లే. కొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజ్‌కే స్పార్క్ దూకుతుంది. అరుగుదల కూడా తక్కువ.

అంటే ఇరీడియం మంచిదే. కానీ అది ఇచ్చేది ఎక్కువ మన్నిక, నమ్మకంగా వెలిగే గుణం. హార్స్‌పవర్ కాదు. ప్లగ్స్ మార్చగానే పికప్ పెరిగిందని ఎవరైనా చెబితే, పాత ప్లగ్స్ అప్పటికే అరిగిపోయి ఉంటాయని అర్థం. అరిగిన నికెల్ తీసి కొత్త నికెల్ వేసినా ఆ తేడా కనిపించేది.

భారీ బూస్ట్‌తో నడిచే ప్రాజెక్ట్ కార్లలో చాలామంది ట్యూనర్లు ఇప్పటికీ చవకైన నికెల్ ప్లగ్స్‌నే వాడతారు. రేటు తక్కువ కాబట్టి తరచూ తీసి పారేసి కొత్తవి వేయొచ్చు. రోజూ నడిచే కారుకు మాత్రం, ఫ్యాక్టరీ నుంచి ఇరీడియం లేదా ప్లాటినం వచ్చి ఉంటే అదే రకంలో సరైన హీట్ రేంజ్ తీసుకోవడం మంచిది. సరైన నంబర్ ఉన్న నికెల్ ప్లగ్, తప్పు నంబర్ ఉన్న ఇరీడియం ప్లగ్ రెండూ ఎదురుగా ఉంటే.. నికెల్‌కే ఓటు వేయాలి.

గ్యాప్ ఎంత ఉండాలి?

మధ్య ఎలక్ట్రోడ్‌కి, వంగి ఉన్న గ్రౌండ్ ఎలక్ట్రోడ్‌కి మధ్య దూరమే గ్యాప్. గ్యాప్ ఎక్కువుంటే స్పార్క్ పెద్దది, మిశ్రమం బాగా అంటుకుంటుంది. కానీ టర్బో బూస్ట్ పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి ఎక్కువైన చోట స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. కాయిల్ అంత ఇవ్వలేకపోతే స్పార్క్ రాదు. యాక్సిలరేటర్ నిండా తొక్కినప్పుడు మాత్రమే బండి కుదుపు ఇస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మామూలు కార్లలో గ్యాప్ 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉండటం సాధారణం. బూస్ట్ పెంచిన కార్లలో ట్యూనర్లు 0.6, 0.7 దాకా తగ్గిస్తుంటారు. స్పార్క్ తప్పకుండా ఉన్నంతవరకు గ్యాప్ ఎక్కువే ఉంచాలి, అవసరం లేకుండా తగ్గించకూడదు. మరీ తగ్గిస్తే ఐడిల్ సరిగ్గా నిలవదు.

ఇరీడియం ప్లగ్ గ్యాప్ సర్దేటప్పుడు జాగ్రత్త అవసరం. నాణెంలా గుండ్రంగా ఉండే గేజ్‌ని దూర్చి తిప్పితే సన్నటి కొన విరిగిపోతుంది. వైర్ గేజ్‌తో కొలవాలి. వంచాల్సి వస్తే గ్రౌండ్ ఎలక్ట్రోడ్‌ని మాత్రమే కొద్దికొద్దిగా వంచాలి. మధ్య కొనను తాకకూడదు. బాక్స్‌లోంచి తీసిన కొత్త ప్లగ్స్‌కి కూడా గ్యాప్ కొలిచాకే వేయాలి.

ఒకే ఇంజిన్‌లో రెండు రకాల ప్లగ్స్!

హీట్ రేంజ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి మాజ్దా ఆర్ఎక్స్-8 మంచి ఉదాహరణ. దీంట్లో పిస్టన్లు ఉండవు, రెండు రోటర్లు తిరుగుతాయి. ఒక్కో రోటర్‌కి రెండు చొప్పున మొత్తం నాలుగు ప్లగ్స్. కింద ఉండే ‘లీడింగ్’ ప్లగ్ హీట్ రేంజ్ 7 అయితే, పైన ఉండే ‘ట్రెయిలింగ్’ ప్లగ్ 9. ఒకే ఇంజిన్‌లో, ఒకే గదిలో, కొద్ది దూరంలో ఉన్న రెండు చోట్లకు కూడా కంపెనీ వేర్వేరు నంబర్లు ఇచ్చింది. నాలుగూ ఒకటే అనుకుని కలిపేసి బిగిస్తే ఇంజిన్‌కి ముప్పే.

సైజు తప్పితే అసలుకే మోసం

మర వ్యాసం, రీచ్, కూర్చునే చోటు.. ఈ మూడూ మారడానికి వీల్లేదు. రీచ్ ఎక్కువుంటే ప్లగ్ లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కి తగలొచ్చు. తక్కువుంటే స్పార్క్ లోపల గుంతలో పడుతుంది, ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడుతుంది. వాషర్‌తో కూర్చునే ప్లగ్, ఏటవాలు సీటుతో కూర్చునే ప్లగ్ ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు.

రెసిస్టర్ విషయం కూడా మర్చిపోవద్దు. ఈసీయూ, సెన్సర్లు ఉన్న నేటి కార్లలో కోడ్‌లో ‘ఆర్’ ఉన్న ప్లగ్స్ మాత్రమే వేయాలి. లేకపోతే ఇగ్నిషన్ నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్ సెన్సర్ల రీడింగ్స్‌ని చెడగొడుతుంది.

బిగించడంలోనూ ఉంది కిటుకు

ప్లగ్ తన వేడిని మరలు, వాషర్ ద్వారానే హెడ్‌కి పంపిస్తుందని పైన చూశాం. ప్లగ్ లూజ్‌గా ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. సరైన హీట్ రేంజ్ కొని కూడా లూజ్‌గా బిగిస్తే అది హాట్ ప్లగ్‌లా మారిపోతుంది. అతిగా బిగిస్తే అల్యూమినియం హెడ్ మర చెడిపోతుంది.

* ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్స్ విప్పాలి
* ప్లగ్ గుంతలో దుమ్ము ఉంటే ముందు గాలి కొట్టి శుభ్రం చేయాలి
* మొదట చేత్తోనే తిప్పాలి, మర సాఫీగా పట్టిందని నిర్ధారించుకోవాలి
* అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 ఎంఎం ప్లగ్‌కి సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎం ప్లగ్‌కి 15 నుంచి 20 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తారు. కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించాలి
* టార్క్ రెంచ్ లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ని చేత్తో బిగిసిన తర్వాత పానాతో సగం నుంచి మూడింట రెండొంతుల చుట్టు తిప్పాలి
* మరలకు గ్రీజు, యాంటీ సీజ్ పూయొద్దు. జారుడు వల్ల అవసరానికి మించి బిగుసుకుంటుంది

తీసిన ప్లగ్ చూస్తే ఇంజిన్ ఆరోగ్యం తెలుస్తుంది

ఎంపిక సరైందో కాదో చెప్పేది చివరికి ప్లగ్ కొనే. మార్పులు చేసిన కారులో ప్రతి ఆయిల్ సర్వీస్‌కి ఒకసారి ప్లగ్స్ తీసి చూడటం మంచి అలవాటు.

* లేత గోధుమ లేదా బూడిద రంగు: అంతా బాగుంది
* పొడి నల్లటి మసి: పెట్రోల్ ఎక్కువ పడుతోంది, లేదా ప్లగ్ మరీ కోల్డ్
* తడిగా, జిడ్డుగా నలుపు: సిలిండర్‌లోకి ఆయిల్ వస్తోంది. ప్లగ్ మార్చినా తగ్గదు
* తెల్లగా పాలిపోయి, బొబ్బలెక్కినట్టు: అతి వేడి. ప్లగ్ హాట్ అయ్యుండొచ్చు, మిశ్రమంలో పెట్రోల్ తక్కువై ఉండొచ్చు
* పింగాణీ మీద మెరిసే సన్నటి చుక్కలు: పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. బండిని ఇక నడపకుండా ట్యూనర్‌కి చూపించాలి

వేసవిలో బయటే 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో టర్బోలోకి వెళ్లే గాలి కూడా వేడిగానే ఉంటుంది. డిసెంబర్‌లో బాగా నడిచిన మ్యాప్ మే నెలలో నాకింగ్ ఇవ్వొచ్చు. అందుకే ఎండాకాలం మొదట్లో ఒకసారి ప్లగ్స్ తీసి చూసుకోవడం మేలు. మ్యాప్‌ని 100 ఆక్టేన్ పెట్రోల్‌కి రాయించుకుని, బంకులో మామూలు పెట్రోల్ కొట్టిస్తే కోల్డ్ ప్లగ్ కూడా కాపాడలేదు.

నకిలీలతో జాగ్రత్త

పేరున్న బ్రాండ్ల ఇరీడియం ప్లగ్స్‌కి నకిలీలు మార్కెట్‌లో తిరుగుతుంటాయి. రేటు మరీ తక్కువగా ఉంటే అనుమానించాలి. పింగాణీ మీద అక్షరాలు గోటితో గీకితే చెరిగిపోవడం, గ్రౌండ్ ఎలక్ట్రోడ్ వంకరగా అతికి ఉండటం, సన్నగా ఉండాల్సిన కొన లావుగా ఉండటం, నాలుగు ప్లగ్స్‌కి నాలుగు రకాల గ్యాప్ ఉండటం.. ఇవన్నీ గుర్తులు. నకిలీ ప్లగ్ మీద రాసిన హీట్ రేంజ్‌ని నమ్మడానికి లేదు. బిల్లు ఇచ్చే అధీకృత డీలర్ దగ్గరే కొనాలి.

షాపుకు వెళ్లేముందు ఈ వరుస గుర్తుంచుకోండి

మొదట మాన్యువల్‌లో కంపెనీ చెప్పిన కోడ్ రాసుకోవాలి. తర్వాత కారులో ఏం మార్చారు, పవర్ ఎంత పెరిగింది, రోజూ ఎక్కడ తిరుగుతుంది అనేది ట్యూనర్‌తో చెప్పి హీట్ రేంజ్, గ్యాప్ ఖాయం చేసుకోవాలి. సైజు, రీచ్, రెసిస్టర్ సరిపోయాయో చూడాలి. ఇదంతా అయ్యాక జేబును బట్టి నికెలా, ఇరీడియమా అనేది తేల్చుకోవచ్చు. చాలామంది ఈ వరుసను చివరి నుంచి మొదలుపెడతారు. ఇంజిన్ విప్పాల్సి వచ్చేది కూడా ఎక్కువగా వాళ్లకే.